పులిగోరు ఎవరికి రక్ష?

వేటలో చంపిన జంతువు గోరునో పంటినో బంగారంలో పొదిగి ఒంటిమీద పెట్టుకుంటే ఆ జంతువు బలం మనకొస్తుందనీ, కీడు దగ్గరికి రాదనీ నమ్మకం చాలా పాతది. దీని గురించి మాట్లాడినప్పుడల్లా రెండే సంగతులు వినిపిస్తాయి. ఒకటి వేటగాడి ధైర్యం. రెండోది అడవుల్లో తగ్గిపోయిన జంతువుల లెక్క. రెండూ మాట్లాడవలసినవే. కానీ ఆ గోరు ఎవరి మెడలో వేలాడింది, ఎవరి పెట్టెలో భద్రంగా దాగింది, ఎవరి ప్రాణానికి రక్షగా నిలిచింది అని అడిగితే కథ ఇంకోలా కనిపిస్తుంది. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఈ ప్రశ్నతో పుస్తకాల దగ్గరికి వెళ్ళాను. వెళ్ళేలా చేసింది మాత్రం మా ఇంటి బీరువా.

మాది నల్లమల అంచున, గిద్దలూరు దగ్గర ఒక ఊరు. మా ఇంట్లో ఒక పులిగోరు ఉండేది. నా చిటికెన వేలంత పొడవు, నెలవంకలా వంపు, మొదట్లో బంగారు తొడుగు, తొడుగుకు చిన్న కొంకి. మా నాన్న చిన్నప్పుడు అది ఆయన మెడలో ఉందట. తర్వాత మా తమ్ముడి మెడలోకి వచ్చింది. మగపిల్లవాడు పుడితే ఇరవయ్యొకటో రోజున బయటికి తీయడం, వాడికి ఐదేళ్ళు నిండాక మళ్ళీ పసుపు గుడ్డలో చుట్టి లోపల పెట్టడం మా ఇంటి ఆచారం.

ఆ గోరుకు ఒక కథ ఉంది. మా ముత్తాత అడవి కూపులు వేలంలో పాడుకుని వెదురు కొట్టించేవాడు. ఊరి మంద మీద పడుతున్న పులిని ఆయన తుపాకీతో కొట్టాడని, దాని గోళ్ళు అన్నదమ్ములందరికీ పంచాడని చెప్పేవాళ్ళు. పులి జాడ తీసింది, మంచె కట్టింది, దాని అడుగుల వెంట నడిచింది ఒక చెంచు మనిషి. ఎన్నిసార్లు విన్నా ఆ కథలో ఆయనకు పేరు లేదు. 1943లో ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద రాసిన పెద్ద పుస్తకం చదువుతున్నప్పుడు, అడవిని అంత క్షుణ్ణంగా తెలిసిన మనుషులు మా ఇంటి కథలో వట్టి 'చెంచోడు'గా మిగిలిపోవడం గుర్తొచ్చింది. పులిని చంపిన పేరు తుపాకీ ఉన్నవాడిది.

ఆ కథలో ఆడవాళ్ళు కూడా లేరు. నాయనమ్మను మా వైపు జేజి అంటాం. పులిని కొట్టిన ఏడాదే ఆమె కాపురానికి వచ్చింది. ఒకసారి నేను ఊరుకోలేక అడిగాను, "ఆ పొద్దు మీరంతా ఏం జేస్తాండారు జేజీ?" అని. "ఏం జేస్తాం? ఆ పొద్దుగూడా సంగటే కెలికినాం" అంది. "పులిని ఊళ్ళోకి తెచ్చినారా?" అంటే, "తెచ్చినారంట. ఆడోళ్ళం బయటికి పోయి చూసేదానికి ల్యా. మామ ఇంటికొచ్చి నీళ్ళు కాయమన్నాడు, కాచినాం" అంది. వీరగాథలో ఆమెకు దక్కిన భాగం ఆ నీళ్ళ కాగు.

నాకు చిన్నతనంలో జ్వరం తగిలితే మూర్ఛ వచ్చేది. ఒళ్ళు కాలిపోతుంటే రాత్రంతా అమ్మ తడిగుడ్డలు మారుస్తూ కూర్చునేది. తమ్ముడికి దగ్గు వస్తేనే మెడలో గోరు వేస్తారు కదా, నాకూ వేయమని ఒకసారి ఏడ్చాను. జేజి ఒప్పుకోలేదు. "ఆడపిల్లకు పులిగోరు ఏస్తే మొండిదైతాది. రేపు అత్తగారింట్లో ఎట్ల?" అంది. నా ముంజేతికి నల్లదారం కట్టి, బుగ్గన చుక్క పెట్టింది. చుక్క దిష్టి తగలకుండా. దిష్టి అంటే ఎవరో చూడటం. ఆడపిల్లకు వచ్చే కీడు ఎవరో చూడటం వల్ల వస్తుంది, మగపిల్లవాడికి వచ్చే కీడును వాడే ఎదుర్కొంటాడు అన్న తేడా ఆ రెండు రక్షల్లోనే ఉంది. అప్పుడు నాకు ఇంత అర్థం కాలేదు. మొండిదాన్ని కావడమంటే ఏమిటో తెలియకుండానే కావాలనిపించింది, అంతే.

మనం బడిలో చేరకముందే నేర్చుకున్న బాలకృష్ణుడి పద్యం ఒక్కసారి గుర్తు చేసుకోండి. మొలతాడు, తాయెత్తులు, గజ్జెలు, అన్నీ మగపిల్లవాడి ఒంటిమీదివే. సూరదాసు వర్ణించిన కృష్ణుడి మెడలో సింహపు గోరు కూడా ఉంటుంది. మన సాహిత్యంలో తల్లులు కళ్ళారా చూసుకుని మురిసిపోయిన బిడ్డ ఎప్పుడూ కొడుకే. రక్షలన్నీ వాడి చుట్టూనే.

ఈ సంగతి ఎంత పాతదో హర్షచరిత్ర చదివితే తెలుస్తుంది. ఏడో శతాబ్దంలో బాణుడు రాసిన గద్యం అది. నాలుగో ఉచ్ఛ్వాసంలో పసివాడైన హర్షుడు దాది వేలు పట్టుకుని ఐదారు అడుగులు వేస్తుంటాడు. తలమీద రక్ష కోసం ఆవాలు, మెడలో బంగారంతో కూర్చిన పెద్దపెద్ద పులిగోళ్ళ వరస. బాణుడు అలవాటుగా ఆ పసివాణ్ణి సుదీర్ఘంగా, ముద్దుగా వర్ణిస్తాడు. ఆ వర్ణన ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా అక్కడే యశోమతీదేవి మళ్ళీ గర్భవతి అవుతుంది. ఈసారి పుట్టేది రాజ్యశ్రీ. కూతురు.

ఆ తర్వాత ఆ ఇద్దరు పిల్లలకు ఏం జరిగిందో చూడండి. కూతురు ఈడుకొచ్చిందని గమనించిన తండ్రి ప్రభాకరవర్ధనుడు ఒక శ్లోకం వింటాడు. ఏటేటా పెరిగే కూతురు, వానకాలపు నది ఒడ్డును కోసినట్టు, తండ్రిని ఆందోళనలో ముంచుతుందని దాని భావం. వెంటనే పెళ్ళి ఆలోచన. మౌఖరి వంశపు గ్రహవర్మకు ఇచ్చి చేస్తారు. కొంత కాలానికి తండ్రి చనిపోతాడు. మాళవరాజు గ్రహవర్మను చంపి, రాజ్యశ్రీ కాళ్ళకు ఇనుప సంకెళ్ళు వేసి కన్యాకుబ్జంలో బంధిస్తాడు. ఆమె అక్కడినుంచి బయటపడి వింధ్యాటవిలోకి వెళ్ళిపోతుంది.

పులిగోళ్ళు మెడలో వేసింది అన్నకు. పులులున్న అడవిలో చిక్కుకున్నది చెల్లెలు. బాణుడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టాలని రాయలేదు. ఆయన రాసేది రాజు గొప్పతనం. కానీ చదువుతున్నది ఆడదైతే ఈ రెండూ పక్కపక్కకు వచ్చి నిలబడతాయి. అన్నకు బంగారంలో కూర్చిన గోళ్ళు, చెల్లెలికి ఇనుప అందెలు.

అడవిలో ఆమె జాడ తెలుసుకోవడానికి హర్షుడికి తోడ్పడింది నిర్ఘాతుడనే శబర యువకుడు. చక్రవర్తి కాబోయేవాడికి అడవిలో దారి తెలియదు. శబరుడికి తెలుసు. అతను చెప్పిన గుర్తుల వెంట వెళ్ళి, బౌద్ధభిక్షువు దివాకరమిత్రుణ్ణి కలిసి, చివరికి రాజ్యశ్రీ నిప్పుల్లోకి దిగబోతున్న క్షణానికి చేరుకుంటారు. బతికిన తర్వాత ఆమె ఒక్కటే కోరుతుంది, కాషాయం కట్టుకునేందుకు అనుమతి. తన ప్రతిజ్ఞ నెరవేరే దాకా ఆగమనీ, తర్వాత ఇద్దరం కలిసే కాషాయం కడదామనీ అన్న చెబుతాడు. ఏం కట్టుకోవాలో కూడా ఆమె ఇష్టానికి రాలేదు. ఈ ఘట్టాన్ని అన్నాచెల్లెళ్ళ అనురాగానికి ఉదాహరణగా విశ్వవిద్యాలయం తరగతిలో మాకు చెప్పారు. అనురాగం నిజమే. కానీ ఆ అనురాగానికి ఒక వాటం ఉందని కూడా చెప్పాలి కదా.

అయితే ఆడపిల్లలెప్పుడూ పులి గోరుకూ పంటికీ దూరంగానే ఉన్నారా? లేదు. నన్ను బాగా ఆశ్చర్యపరిచినది శిలప్పదికారంలోని పన్నెండో గాథ, వేటువవరి. కోవలుడు, కణ్ణగి మధురకు వెళ్ళే దారిలో ఎయినర్లనే వేటగాళ్ళ పల్లెలో ఆగుతారు. ఆ రోజు అక్కడ కొఱ్ఱవై కొలుపు. తమ ఇంటి కన్యను దేవతగా అలంకరిస్తారు. ఆమె జడకు వెండి పాము. పంటచేలను పాడుచేసిన అడవిపంది కోరను నెలవంకలా తలలో తురుముతారు. పులి నోరు తెరిచి పీకిన పళ్ళను వరసగా గుచ్చి 'తాలి'గా మెడలో వేస్తారు. పులితోలు నడుముకు చుడతారు. చేతికి విల్లు ఇస్తారు.

ఆ పిల్ల మెడలోని తాలి ఆమెకు ఏ మొగుడూ కట్టింది కాదు. సంగం కవితల్లో కూడా పులిపంటి తాలి అనే మాట కనిపిస్తుంది. అక్కడ దాన్ని వేసుకునేది చిన్నపిల్లలు. అంటే ఒకప్పుడు తాలి పసివాళ్ళ రక్ష. తర్వాత ఎప్పుడో ఆ మాట పెళ్ళయిన ఆడదాని మెడలోకి వచ్చి స్థిరపడింది. మన తాళిబొట్టుకూ ఆ పులిపంటి తాలికీ సంబంధం ఉందని అన్న పరిశోధకులున్నారు. వస్తువు నుంచి వస్తువుకు తిన్నగా గీత గీయడం నాకు ఇష్టం లేదు. కానీ మాట ప్రయాణం చేసిందన్నది మాత్రం స్పష్టమే. ఆ ప్రయాణంలో ఒక పెద్ద మార్పు జరిగింది. పిల్ల మెడలో పులిపన్ను పిల్ల ప్రాణానికి రక్ష. ఆడదాని మెడలో తాళి మొగుడి ప్రాణానికి రక్ష. వేసుకున్న మనిషి ఒకరు, కాపాడబడే మనిషి ఇంకొకరు.

ఈ ఒక్క తేడా పట్టుకుని చూస్తే మన ఒంటిమీదివన్నీ వేరుగా కనిపించడం మొదలుపెడతాయి. మట్టెలు, నల్లపూసలు, పసుపు, కుంకుమ, శ్రావణ మంగళవారం నోముల్లో కట్టుకున్న తోరం, వీటిలో మన ఆయుష్షు కోసం పెట్టుకున్నది ఏది? మన ఒళ్ళు మరొకరి తాయెత్తుగా మారిపోయింది. అందుకే వాళ్ళకు ఏమన్నా అయితే తాయెత్తు పనిచేయలేదని మన మీదికి వస్తారు.

వేటువవరిలో ఇంకో చిన్న సంగతి ఉంది. దేవత పూనినామె కణ్ణగిని చూసి గొప్పగా కొనియాడుతుంది. అది విని కణ్ణగి సిగ్గుపడి, పెద్దావిడ తెలియక ఏదో అంటోందని, మొగుడి వీపు వెనక దాక్కుంటుంది. పులిపళ్ళ తాలి వేసుకుని విల్లు పట్టుకున్న పిల్ల ఒకవైపు, మొగుడి వెనక దాగిన కోమటింటి ఇల్లాలు ఒకవైపు. తర్వాత మధురను కాల్చిన కోపం ఆ వీపు వెనకనుంచే వచ్చిందని మనకు తెలుసు.

వేట గుర్తులను నగలుగా చేసుకోవడం మన దేశానికే పరిమితం కాదు. జర్మనీ దక్షిణాన బవేరియాలో, ఆస్ట్రియా కొండల్లో మగవాళ్ళు తోలు నిక్కరు ముందు వెండి గొలుసు వేలాడదీస్తారు. దాన్ని షారివారి అంటారు. జింక పళ్ళు, అడవిపంది కోరలు, పాత వెండి నాణేలు దానికి గుచ్చుతారు. తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది. దుప్పి పైదవడలో ఉండే చిన్న కోరపళ్ళతో ఆడవాళ్ళకు చెవిపోగులు, పతకాలు చేయించి ఇవ్వడమూ ఉంది. వేటాడేది ఆయన, పెట్టుకు తిరిగేది ఆమె. ఇంగ్లండు రాజకుటుంబం సేకరణలో విక్టోరియా రాణి కంఠహారం ఒకటి ఉంది. 1860 నాటిది. బాల్మోరల్‌లో ఆమె భర్త ఆల్బర్ట్ వేటాడిన దుప్పుల పళ్ళు 44, బంగారంలో పొదిగినవి. ఒక్కో పంటి వెనక ఆ దుప్పిని వేటాడిన తేదీ చెక్కి ఉంటుంది. మరుసటి ఏడాది డిసెంబరులో ఆల్బర్ట్ చనిపోయాడు. మన దేశాన్ని ఏలిన మనిషి కూడా మొగుడి వేట దినచర్యను మెడలో వేసుకు తిరగవలసిందే.

ఆ రాణి పాలనలోనే మన పులిగోళ్ళు ఓడలెక్కాయి. ఇక్కడి కంసాలులు బంగారంలో పొదిగిన గోళ్ళ బ్రోచిలు, చెవిపోగులు, హారాలు దొరసానులకు కానుకలయ్యాయి. పులి భుజం దగ్గర కండలో తేలుతుండే చిన్న ఎముకను కూడా తెల్లవాళ్ళు విడిచిపెట్టలేదు. 'లక్కీ బోన్' అని పేరు పెట్టి దాన్నీ నగ చేయించారు. ఒక పులికి గోళ్ళు 18. అంటే 18 గోళ్ళ హారం ఒక పులి. ఆ హారాల వెనక ఎన్ని పులులున్నాయో అంచనా వేసుకోవచ్చు. 1972లో మన దేశంలో మొదటిసారి లెక్కపెట్టినప్పుడు మిగిలినవి 1827.

అదృష్టం అమ్మేవాళ్ళ దగ్గర ఆడా మగా తేడా ఎంత వింతగా ఉంటుందో చెప్పడానికి ఇంకో ఉదాహరణ. 'హత్తాజోడి' అని ఒక తాయెత్తు అమ్ముతారు. రెండు చేతులు జోడించినట్టు కనిపించే అరుదైన వేరు అనీ, ఇంట్లో ఉంటే లక్ష్మి నిలుస్తుందనీ ప్రచారం. 2017లో పరిశోధకులు దాన్ని పరీక్షించి చూస్తే అది వేరు కాదు. ఉడుమును చంపి ఎండబెట్టిన మగ జననాంగం. కుంకుమలో పెట్టి దాని ముందు దీపం వెలిగించిన ఇల్లాళ్ళను తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. పితృస్వామ్యాన్ని ఇంత సూటిగా ఏ సిద్ధాంత వ్యాసమూ చెప్పలేదు.

ఇక మా బీరువా సంగతి. 2023 అక్టోబరులో కన్నడ టెలివిజన్ రియాలిటీ షోలో ఉన్న ఒకతన్ని, మెడలో పులిగోరు ఉందని అటవీశాఖ వాళ్ళు అరెస్టు చేశారు. ఆ వార్త రెండు రోజులు అన్ని చానళ్ళలోనూ తిరిగింది. అమ్మ నుంచి ఫోన్. "టీవీలో చూస్తివా పాపా? గోరు ఉందని పట్టకపోయినారంట. మనదీ ఉంది గదా. బీరువా తాళం నా కాడ ఉంది. అంటే నన్నే పట్టకపోతారా?"

నేను చట్టం తీసి చదివాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పులిగోరును 'ట్రోఫీ' అంటుంది. ఇంట్లో ఉన్నవాటిని ప్రకటించుకోమని ఆ చట్టం వచ్చినప్పుడు ఒకసారి, 2003లో 180 రోజులు గడువిచ్చి ఇంకోసారి చెప్పారు. వారసత్వంగా వస్తే 90 రోజుల్లో తెలపాలి. పులి లాంటి మొదటి షెడ్యూలు జంతువుదైతే శిక్ష మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా. 2022 సవరణ తర్వాత జరిమానా 25 వేలకు తగ్గదు. ఎవరి స్వాధీనంలో దొరికితే అది అక్రమంగా ఉన్నట్టే లెక్క, కాదని వాళ్ళే రుజువు చేసుకోవాలి. పులులు బతకాలంటే ఇలాంటి చట్టం ఉండాలి. అందులో నాకు సందేహం లేదు. కానీ 'స్వాధీనం' అనే మాట దగ్గర ఆగిపోయాను.

మా అమ్మ ఆ ఇంటికి కోడలు. ఆ గోరు ఆమెది కాదు. ఒక్క రోజైనా ఆమె మెడలో లేదు. ఆమె కూతురికీ దక్కలేదు. జేజి చనిపోయాక నగలు పంచుకున్నప్పుడు, ఆ గోరు 'మగపిల్లోళ్ళది' అని తీసి పక్కన పెట్టారు. కానీ నలభై ఏళ్ళుగా దాన్ని గుడ్డ మార్చి, పసుపు అద్ది, దొంగల భయంతో బట్టల మడతల కింద దాచి కాపాడింది ఆమె. ఆస్తి అన్నప్పుడు వంశానిది, నేరం అన్నప్పుడు తాళం చేతుల్లో ఉన్న ఆడదానిది. ఆడవాళ్ళకు ఆస్తిహక్కు గురించి ఎన్నో సభల్లో మాట్లాడుకున్నాం. ఇలాంటి 'స్వాధీనం' గురించి కూడా మాట్లాడుకోవాలి.

మా తమ్ముడు బెంగళూరులో ఉంటాడు. వాళ్ళ బాబుకు అప్పుడు రెండో ఏడు. "పారేయమ్మా" అని తమ్ముడు ఫోన్లోనే తేల్చేశాడు. మరదలు ఊరుకుంది. కాసేపాగి నాకు విడిగా ఫోన్ చేసి, "వదినా, అది ఎవరికీ ఇవ్వకండి. పిల్లోడికి ఎప్పుడూ ఏదో ఒక జబ్బు. అది ఉందన్న ధైర్యమే నాకు" అంది. ఇంజనీరింగు చదివి, పెద్ద ఉద్యోగం చేస్తున్న పిల్ల. ఆమెను మూఢనమ్మకం అని కొట్టిపారేయలేకపోయాను. బిడ్డకు జ్వరం వస్తే సెలవు పెట్టవలసింది ఆమె. రాత్రి లేవవలసింది ఆమె. ఏదన్నా అయితే ఆ ఇంట్లో మొదటి మాట పడేది ఆమె. పగలంతా ఆఫీసు, రాత్రంతా బిడ్డ. అంత బరువు ఒక్కతే మోస్తున్న మనిషి గోరునైనా పట్టుకుంటుంది. ఆమె చేతిలోనుంచి గోరు తీసేసే ముందు ఆ బరువులో సగం ఎవరు పంచుకుంటారో చెప్పాలి.

వన్యప్రాణుల మీద పరిశోధన చేసిన నా స్నేహితురాలు ఒకామె మా ఊరు వచ్చినప్పుడు అమ్మ గుడ్డ విప్పింది. ఆమె దాన్ని భూతద్దం కింద అటూ ఇటూ తిప్పి, కంసాలితో తొడుగు తీయించమంది. పులిగోరు మొదట్లో గుల్లగా ఉంటుందట, లోపల ఎముక ఇమిడేలా. మాది గట్టిగా, నిండుగా ఉంది. పొడవునా సన్నని నారల్లాంటి గీతలు. "ఇది గోరు కాదు, కొమ్ము. గేదె కొమ్ము అరగదీసి చేసింది" అని చెప్పింది. బజారులో తిరిగే పులిగోళ్ళలో చాలా భాగం ఇలాంటివేనట.

పులి అబద్ధమో, పంపకం అబద్ధమో, మధ్యలో ఏ కంసాలి చేతివాటమో ఎవరు చెప్పగలరు? చెప్పగలిగినవాళ్ళంతా పోయారు. మూడు తరాల వీరగాథ మా గడపలో ఒక్క నిమిషంలో రాలిపోయింది. అమ్మ ముందు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. తర్వాత నవ్వింది. "ఎనుము కొమ్మా! మంచిదే. పులి మనకేం పెట్టింది? మన్ని సాకింది ఎనుమే గదా" అంది. నిజమే. మా నాన్న చదువు, మా చదువులు అన్నీ పాలు అమ్మిన డబ్బుతోనే. ఆ పాలు పిండింది జేజి, తర్వాత అమ్మ.

ఆ రాత్రి పడుకోబోతూ అమ్మ మళ్ళీ అంది, "అయితే ఇన్నేండ్లు పిల్లోళ్ళను కాపాడిందెవరు పాపా?" నేను జవాబు చెప్పలేదు. చెప్పవలసిన పని లేదు. తడిగుడ్డలు మార్చిన చేతులు ఆమెవే. తమ్ముడికి కోరింతదగ్గు వచ్చినప్పుడు వాణ్ణి భుజాన వేసుకుని మొదటి బస్సుకు గిద్దలూరు ఆసుపత్రికి పరిగెత్తింది ఆమె. ఆ పేరు మాత్రం గోరుకు దక్కింది.

గోరు అబద్ధమైనా పులి భయం అబద్ధం కాదు. ఆ భయం నిజంగా ఎవరిదో చూడాలంటే బెంగాల్ సుందరవనాలకు వెళ్ళాలి. అక్కడ మగవాళ్ళు తేనె కోసం, చేపల కోసం పులులున్న అడవిలోకి వెళ్ళినన్ని రోజులూ ఇంట్లో భార్యలు విధవల్లా ఉండే ఆచారం ఉంది. బొట్టు పెట్టుకోరు, తల దువ్వుకోరు, తెల్లచీర కడతారు. మొగుడు తిరిగొస్తే మళ్ళీ ముత్తైదువ. రాకపోతే ఎలాగూ విధవే. పులి వాతపడ్డవాళ్ళ భార్యలను 'మొగుణ్ణి తిన్నది' అని తిట్టి దూరం పెడతారు. తిన్నది పులి, నింద ఆమెకు. ఆడదాని ఒళ్ళే తాయెత్తు అన్నాను కదా, దానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అంత దూరం కూడా వెళ్ళనవసరం లేదు. 2020 నవంబరులో ఒకసారి, 2024 నవంబరులో ఇంకోసారి, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పత్తి చేలో కూలికి వెళ్ళిన యువతులు పులి దాడిలో చనిపోయారు. పత్తి ఏరేవాళ్ళు ఎలా ఉంటారో మనకు తెలుసు. నడుం వంచి, తల దించి, వీపు అడవివైపు పెట్టి, ఒడిలో పత్తి నింపుకుంటూ సాలు వెంట సాగిపోతారు. దేశంలో పులులు 2006లో 1411 ఉంటే 2022 లెక్కకు సగటున 3682 అయ్యాయి. మంచి వార్త. ఆ మంచి వార్తకు మూల్యం చెల్లిస్తున్నది మాత్రం అడవి అంచు చేలలో రోజుకూలికి వంగిన ఆడవాళ్ళు. వాళ్ళు పులిని వేటాడలేదు. పులిగోరు వేసుకోలేదు. గోళ్ళ బ్రోచీ పెట్టుకున్న దొరసానికీ, గోళ్ళ గొలుసు వేసుకుని టీవీలో కూర్చున్న మగవాడికీ పులి ఎన్నడూ ఎదురుపడలేదు.

కాబట్టి రక్ష అనే మాటను మనం మళ్ళీ అర్థం చేసుకోవాలి. పులి తిరుగుతోందని పొద్దున్నే తెలియడం రక్ష. ఆ రోజు పనికి పోకపోయినా కూలి దొరకడం రక్ష. పొయ్యిలో కట్టెల కోసం అడవిలోకి పోనక్కర లేకపోవడం రక్ష. జ్వరమొచ్చిన బిడ్డ పక్కన ఇద్దరు మేలుకుని ఉండటం రక్ష. ఇవేవీ మెడలో వేసుకునేవి కావు, ఒకరి మెడ మీద పడి ఇంకొకరిని కాపాడేవీ కావు. మగపిల్లవాడి కోసం ఒకటి, ఆడపిల్లకు ఇంకొకటి అని విడదీయగలిగేవి కూడా కావు.

ఆ కొమ్ముముక్కను అమ్మ పారేయలేదు. ఇప్పుడది మా ఇంటి కిటికీలో, పిల్లల ఆటవస్తువుల మధ్య ఉంది. ఎవరు కావాలంటే వాళ్ళు తీసుకుంటారు. మా అమ్మాయికి ఏడేళ్ళు. దాన్ని దారానికి కట్టి మెడలో వేసుకుని గేదెనని కొమ్ము విసురుతుంది. తొడుగు బంగారం అర గ్రాము పైచిలుకు తేలింది. నాన్న తాళిగుండ్లు మార్పించుకోమన్నాడు. అమ్మ విననట్టే ఉండి, కంసాలి దగ్గరికి ఒక్కతే వెళ్ళి ముక్కుపుడక చేయించుకుంది. "ఇది ఎవురి ఆయుష్షుకు అమ్మా?" అని ఉడికించబోయాను. "ఎవురికీ కాదు. నాకు బాగుంటాదని" అంది.